ఆశ్వయుజం సెలవుల నెలా, చదువుల నెలా?

పాతపట్నం: వానలు వెనుకపట్టి, మహేంద్రతనయ వొడ్డున రెల్లు తెల్లగా పూసే రోజులు వచ్చాయంటే ప్రాథమిక పాఠశాలల్లో ఒక మాట వినిపించడం పరిపాటి. "ఈ నెల పోయినట్టే" అన్నది ఆ మాట. ముందు పరీక్షలు, ఆ వెనుక దసరా సెలవులు, సెలవుల నడుమనో అయిన తర్వాతనో ఒక వాయుగుండం, అది దాటితే దీపావళి, నాగుల చవితి, కార్తీక సోమవారాలు. పిల్లల హాజరు పలచబడుతుంది. పాఠం ఎక్కడ ఆగిందో ఉపాధ్యాయునికే గుర్తుండదు. కార్తీకం సగమయ్యాక మళ్ళీ పుస్తకం తెరిచి, పోయిన రోజులను పరుగులతో పూడ్చే ప్రయత్నం మొదలవుతుంది. ఏటా జరిగే తంతే కనుక దీన్ని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు.

ఆలోచించవలసిన విషయమే ఇది. ఏడాది మొత్తంలో ఎనిమిదేళ్ళ పిల్లకు కళ్ళెదుట ఎక్కువ పాఠాలు కనిపించే కాలం ఈ శరదృతువే. పొలంలో వరి పొట్ట విప్పి ఈనుతుంది. గోగు కోతకు వస్తుంది. ఆకాశం కడిగినట్టుంటుంది. ఎండ ఒరుగుతుంది. చంద్రుడి పేరు చెప్పి ఇంట్లో రోజుకొక పండుగ జరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటీ బడి గుమ్మం దాటి లోపలికి రావడం లేదు. బడిలో ఉన్నంతసేపు పిల్లలు పుస్తకంలోని బొమ్మలో వరికంకి చూసి దాని కింద రాసి ఉన్న పేరు చదువుతారు. బడి గోడకు అవతల గజం దూరంలో అసలు కంకి ఊగుతూ వుంటుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు వుండాలి. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన చట్టమిది. ఈ గంటలన్నీ నాలుగు గోడల మధ్యనే గడవాలని అందులో ఎక్కడా లేదు. ఆ మాట కొస్తే సెలవుల లెక్క కూడా మొదట్లో పొలాన్ని చూసి పుట్టిందే. స్కాట్లండులో అక్టోబరు సెలవులను ఇప్పటికీ బంగాళాదుంపల సెలవులని పిలిచేవారున్నారు. దుంపలు తవ్వే పనికి పిల్లలు కావలసి వచ్చి ఇచ్చిన సెలవులవి. జపానులో చిన్న బడుల పిల్లలను శరత్కాలంలో చిలగడదుంపలు తవ్వడానికి తీసుకుపోతారు. అది కూలి కోసం కాదు, చదువులో భాగంగానే. మనకు దుంపల పొలాలు లేకపోయినా వరిమడి వుంది. దాని దగ్గరికి పిల్లను తీసుకుపోయే వారే లేరు.

వీధిబడి దసరా

పాత తరం వారికి ఈ నెల అనగానే వీధిబడి గుర్తుకు వస్తుంది. నవరాత్రులలో పంతులుగారు పిల్లలకు రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు పట్టించి, వరుసగా నడిపించి, ఇంటింటి ముందూ దసరా పద్యాలు చదివించేవారు. ఇంటివారు పిల్లలకు పప్పు బెల్లాలు, పంతులుగారికి కానుక ఇచ్చేవారు. ఆ కానుకే చాలామంది పంతుళ్ళకు ఏడాదికి కళ్ళబడే రొక్కం. ఇది చూసి ముచ్చటపడేవారు అందులోని దైన్యాన్ని మరిచిపోకూడదు. చదువు చెప్పినవాడు గుమ్మం గుమ్మానా చేయి చాచవలసి రావడం గొప్ప సంప్రదాయమేమీ కాదు. అన్ని ఇళ్ళ పిల్లలకూ ఆ వరుసలో చోటు వుండేది కాదన్నదీ నిజమే. ఆ పద్ధతి పోవడం మంచిదే అయింది.

ఐతే దానితోపాటు ఒక మంచి కూడా పోయింది. ఏడాదికి ఒకసారైనా బడి వూళ్ళోకి నడిచి వచ్చేది. తమ పిల్ల ఏమి నేర్చిందో తల్లి గుమ్మంలో నిలబడి చెవులారా వినేది. పిల్లవాడు తడబడితే పక్కింటివారు అందించేవారు. ఇప్పుడు పిల్ల చదువు సంగతి తల్లికి తెలిసేది మార్కుల కార్డు మీద సంతకమో వేలిముద్రో వేసేటప్పుడే. కానుకల ఊసు లేకుండా, కులం ఊసు లేకుండా, పిల్లలు నేర్చినదాన్ని వూరికి వినిపించే ఒక సాయంకాలం దసరా సెలవుల ముందు పెట్టుకోవడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. రవీంద్రనాథ్ ఠాకూరు 1908లో శాంతినికేతన్ పిల్లలు ఆడుకోవడానికని శరత్కాలపు ఉత్సవం మీద ఒక నాటకమే రాసి ఇచ్చారు. మన బడులకు నాటకం అక్కరలేదు. ఎక్కాలు, పద్యాలు, తాము చూసి రాసుకున్న నాలుగు మాటలు చాలు.

మీటరు కర్ర నీడ

పైసా ఖర్చు లేని పాఠంతోనే మొదలు పెట్టవచ్చు. బడి ఆవరణలో చెట్టు నీడ పడని చోట ఒక కర్రను నిట్టనిలువుగా పాతాలి. నేల మీద దాని ఎత్తు సరిగ్గా మీటరు వుండాలి. పగలు పదకొండున్నర నుంచి పన్నెండు దాకా అయిదేసి నిమిషాలకు ఒకసారి దాని నీడ కొసన ఒక గులకరాయి పెట్టాలి. అన్నిటికంటె పొట్టి నీడ ఎప్పుడు పడిందో చూడాలి. పాతపట్నంలో అక్టోబరు నెలలో అది పన్నెండు గంటలకు పడదు. పదకొండు గంటల నలభై నిమిషాల ప్రాంతంలో పడుతుంది. మన గడియారాలన్నీ అలహాబాదు దగ్గరగా పోయే రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. మనం దానికి తూర్పున వున్నాము కనుక సూర్యుడు మన నెత్తి దగ్గరికి ఆరు నిమిషాలు ముందే వస్తాడు. మిగతా పది పదిహేను నిమిషాల తేడా భూమి సూర్యుని చుట్టూ తిరిగే తీరు వల్ల వచ్చేది. మూడో తరగతికి ఈ కారణాలన్నీ చెప్పనక్కరలేదు. 'మట్ట మధ్యాహ్నం' అన్నది గడియారంలో పన్నెండు కాదని తమ కళ్ళతో చూస్తే చాలు. కారణం ఏడో తరగతిలో వచ్చినప్పుడు ఆ పిల్లకు కర్ర గుర్తుకు వస్తుంది.

ఆ పొట్టి నీడ పొడవును స్కేలుతో కొలిచి గోడ మీద రాయాలి. అక్టోబరు 1న అది సుమారు 40 సెంటీమీటర్లు వుంటుంది. నెలాఖరుకు 65 సెంటీమీటర్లు అవుతుంది. నెల రోజులలో జానెడుకు పైగా పెరిగిన నీడ అది. సూర్యుడు దక్షిణానికి ఒరుగుతున్నాడు, పగలు కురచ అవుతున్నది, చలికాలం వస్తున్నది అని పుస్తకం చెప్పే మూడు వాక్యాలు ఒక్క కర్రతో రుజువవుతాయి. కొలవడం, తీసివేత, పట్టిక గీయడం, దిక్కులు అన్నీ ఇందులోనే వున్నాయి. దసరా సెలవుల్లో బడి మూసి వున్నా, ఇంటి పెరట్లో మరో కర్ర పాతుకుంటే కొలత ఆగదు.

వరి కంకిని చూద్దాం. జులై, ఆగస్టులలో ఊడ్చిన వరి ఈ నెలలో ఈని పాలు పోసుకుంటుంది. స్వర్ణ వేసిన మడి, రాగోలు పరిశోధనా స్థానం ఇచ్చిన శ్రీకాకుళం సన్నాలు వేసిన మడి పక్కపక్కన వుంటే ఇంకా మంచిది. గింజను గోరుతో నొక్కితే పాలు రావడం ప్రతి రైతు బిడ్డకూ తెలిసిన ఆటే. దాన్ని లెక్కగా మార్చడమే ఉపాధ్యాయుడు చేయవలసిన పని. రైతును అడిగి పదిమంది పిల్లలు పది కంకులు తెచ్చి గింజలు లెక్కపెట్టాలి. ఏ కంకికి ఎన్ని, అన్నిటికీ కలిపి ఎన్ని, సగటున ఎన్ని? అందులో తాలు ఎన్ని, ఎందువల్ల? దోమపోటు తగిలిన మడి ఎట్లా వుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవాడు తరగతి గదిలో లేడు, గట్టు మీద నిలబడి వున్నాడు. చదువురాని తాత ఒక్క అరగంట ఉపాధ్యాయుడు కావడం ఆ తాతకు ఎంత మర్యాదో, ఆ మనుమరాలికి ఎంత గర్వమో చెప్పనక్కరలేదు.

కొలతలూ అంతే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. సగం, పావు, అరపావు అనే భిన్నాలకు ఇంతకన్న మంచి పరికరం ఏ సంస్థా తయారు చేయలేదు. అటక మీద తుప్పు పట్టిన కుంచం, మానిక ఇంకా కొన్ని ఇళ్ళలో వున్నాయి. వాటిని బడికి తెచ్చి, ఇసుక పోసి కొలిపించి, మానికకు ఎన్ని లీటర్లో పిల్లల చేతనే తేల్పించవచ్చు.

ఇక గోగు. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట రైతుకు చేతిలో నాలుగు డబ్బులు ఆడించిన పంట ఇది. సాగు బాగా తగ్గిపోయింది. మిల్లులు మూతపడ్డాయి. పూత సమయంలో కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు ఊరవేసి, నార ఒలిచే పని చూడని పిల్లలే ఇప్పుడు ఎక్కువ. కాని దీపావళి సాయంత్రం గోగుకాడలకు నూనె గుడ్డ పీలికలు కట్టి, వెలిగించి నేలకు కొట్టే ఆచారం మాత్రం ఈ ప్రాంతంలో ఇంకా నిలిచి వున్నది. ఆ కాడ ఎక్కడిది, ఆ నారతో ఏమి నేసేవారు, ఆ పంట ఎందుకు పోయింది అని పిల్లలు ఇంట్లో అడిగి నాలుగు వాక్యాలు రాసుకు రమ్మంటే అది వూరి ఆర్థిక చరిత్రే అవుతుంది. దాన్ని వేరే పుస్తకంలో వెతకబోతే దొరకదు.

సరిహద్దు వూరికి రెండు పంచాంగాలు

పాతపట్నం పిల్లలకు వున్న ఒక వింత సౌకర్యం జిల్లా లోపలి వూళ్ళ పిల్లలకు లేదు. కొద్ది మైళ్ళు నడిస్తే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ పట్నం అటు పోయింది. రాష్ట్రాలు రెండైనా సంతలు, సంబంధాలు, నీలమణి దుర్గమ్మ మొక్కులు కలిసే వున్నాయి. బడులు, పంచాంగాలు మాత్రం వేరు. అక్కడ పున్నమితో నెల ముగుస్తుంది, ఇక్కడ అమావాస్యతో ముగుస్తుంది. అందువల్ల ఆశ్వయుజ పున్నమి మరునాడే అటువారికి కార్తీకం మొదలవుతుంది. ఇటువారికి దీపావళి వెళ్ళాక గాని రాదు. ఆ పున్నమి నాడు ఒడియా ఆడపిల్లలు కుమార పూర్ణిమ జరుపుకుంటారు. సరిగ్గా మూడో రోజున తెలుగు ఆడపిల్లలకు అట్లతద్ది. రెండూ చంద్రుణ్ణి చూసి చేసే ఆడపిల్లల పండుగలే. కార్తీక పున్నమి నాడు అటు పిల్లలు అరటి దొప్పలతో, కాగితాలతో చిన్న పడవలు చేసి నీళ్ళలో వదులుతారు. ఇటు అరటి దొప్పలలో దీపాలు వదులుతారు.

ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లల ఇళ్ళలో ఈ రెండు పద్ధతులూ వుండడం ఇక్కడ మామూలు. దీపావళి అమావాస్య మొదలు కార్తీక పున్నమి దాకా పదిహేను సాయంత్రాలు చంద్రుని బొమ్మ గీసుకు రమ్మని తరగతికి పని ఇస్తే నెల అంటే ఏమిటో, పక్షం అంటే ఏమిటో, రెండు పంచాంగాలకు తేడా ఎక్కడ వచ్చిందో ఆ బొమ్మలే చెబుతాయి. చీకటి పడ్డాక తూర్పున గుంపుగా మెరిసే పిల్లలకోడిని అమ్మమ్మ చూపిస్తుంది. ఆ కృత్తికల పేరు మీదనే కార్తీకం వచ్చిందని ఉపాధ్యాయుడు చెబుతాడు. ఇద్దరూ చెబితేనే పాఠం పూర్తవుతుంది.

ఇక్కడ గిడుగు వేంకట రామమూర్తి పంతులును తలచుకోకుండా వుండలేము. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడై, కొండల నుంచి దిగివచ్చే సవరల మాట విని, దాన్ని నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపిన మనిషి ఆయన. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు ఆయన ఆ వూరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినం పేరిట ఆయన పటానికి దండ వేస్తారు. సెప్టెంబరు వచ్చేసరికి దండ వాడుతుంది, ఆయన చేసిన పని మరుగున పడుతుంది. మెళియాపుట్టి వైపు కొండ గూడేల నుంచి వచ్చిన సవర పిల్ల, ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు అర్థంకాక మౌనంగా కూర్చుంటే ఆ పిల్లలకు 'మొద్దు' అన్న పేరు వస్తుంది. 2004 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక తరగతులకు పుస్తకాలు తెచ్చింది. గిడుగువారు చేసిన పనికి అది నూరేళ్ళ తర్వాత వచ్చిన కొనసాగింపు. పుస్తకం వున్నా లేకపోయినా ఈ నెలలో ఒక పని ఎవరైనా చేయవచ్చు. కంకిని, చందమామను, రెల్లుపువ్వును, తూనీగను సవరలో ఏమంటారో, ఒడియాలో ఏమంటారో ఆ పిల్లలనే అడిగి నల్లబల్ల మీద తెలుగు పక్కన రాయడం. ఆ రోజు తరగతికి ఆ పిల్లే పంతులమ్మ.

పక్షుల సంగతి కూడా చెప్పుకోవాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఈ రుతువులోనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి వూరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటిని సైబీరియా పక్షులని అనడం అందరికీ అలవాటు. పత్రికలూ అట్లాగే రాస్తాయి. కాని ఆ గూడబాతు, ఆ కొంగ దక్షిణాసియాలోనే గూళ్ళు కట్టి పిల్లలను పెంచే జాతులు. అందరూ అనేదాన్ని సరిచూసుకోవడం కూడా చదువే. పిల్లలకు ఆ అలవాటు ఈ వయసులోనే రావాలి.

తుఫాను పాఠం

ఇంతవరకు చెప్పినవి జరగకపోతే పిల్లలు ఒక మంచి అవకాశం పోగొట్టుకుంటారు, అంతే. తుఫాను సంగతి అట్లా కాదు. అది తెలియకపోతే ప్రాణమే పోవచ్చు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన జిల్లాలోనే పలాస దగ్గర దాటి వుద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలమట్టం చేసింది. వంశధారకు వరద తెచ్చింది. ఆరేళ్ళలో మూడు పెద్ద తుఫానులు ఒకటి రెండు రోజుల తేడాతో ఒకే తేదీలకు రావడాన్ని గమనించని బడి క్యాలెండరు ఎందుకు? సెలవుల జాబితాలో దసరా వుంది. కాని తుఫాను ముందు చెప్పవలసిన పాఠానికి అందులో తేదీ లేదు.

చెప్పవలసింది పెద్దగా ఏమీ లేదు. తీరం దాటడానికి 48 గంటల ముందు ఇచ్చే హెచ్చరికకు పసుపు, 24 గంటల ముందు దానికి నారింజ, 12 గంటల ముందు దానికి ఎరుపు రంగు. ఈ మూడు రంగులూ పిల్లలకు ట్రాఫిక్ దీపాల్లాగా నోటికి రావాలి. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే తుఫాను పోయిందని బయటికి పరుగెత్తరాదు. అది తుఫాను కన్ను కావచ్చు. కొద్దిసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. పడిన కరెంటు తీగను తాకరాదు, దాటరాదు. పుస్తకాలు, ఆధార్, రేషను కార్డులు ఒక పాలిథిన్ సంచిలో కట్టి అటక మీద పెట్టాలి. ఇంట్లో పెద్దలు మరిచిపోతే గుర్తు చేసేది మూడో తరగతి పిల్లే. ఆ పాఠంలో ఆట కూడా వుంది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పెట్టింది పాకిస్తాను. హుద్‌హుద్ ఒక పిట్ట పేరు. దాన్ని ఇచ్చింది ఒమాను. దేశాల పేర్లు, వాటి దిక్కులు పటంలో చూపించడానికి ఇంతకన్న సందు దొరకదు.

నాగుల చవితి విషయం కూడా ఇటువంటిదే. పుట్టలో పాలు పోసే ఆచారాన్ని బడి తక్కువ చేసి మాట్లాడనక్కరలేదు. కాని వరికోతలకు ముందు, గట్లమీద, గడ్డివాముల దగ్గర పాము కరిచేది కూడా ఈ రోజులలోనే. కరిచిన చోట కోయరాదని, కట్టు బిగించరాదని, మంత్రగాని దగ్గర గంటలు పోగొట్టరాదని, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలని పండుగకు ముందురోజు చెబితే ఆ మాట ప్రతి ఇంటికీ చేరుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే వుందన్న సంగతి పెద్దవాళ్ళలోనే చాలామందికి తెలియదు.

"గుంటల్ని పొలాలంట తిప్పడానికా?"

ఇవన్నీ విన్న తల్లిదండ్రులు ఊరుకోరు. "ఏటి మేస్టారూ, మా గుంటల్ని బడికి పంపింది పొలాలంట తిప్పడానికా? పొలం మాకు తెలీదేటి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయరాదు. పొలంలో నడుం వంచి బతికినవారు తమ బిడ్డ దాని నుంచి బయటపడాలనే చదివిస్తున్నారు. హైదరాబాదుకో చెన్నైకో వలసపోయి సిమెంటు బస్తాలు మోసిన తండ్రికి ఇంగ్లీషు మాట, పోటీ పరీక్ష, నెల జీతం కనిపిస్తాయి. అతనికి బురద మీద మోజు వుండదు. పట్నంలో కూర్చుని పల్లె అందాలు రాసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఐతే ఇక్కడ అడుగుతున్నది పిల్లకు సేద్యం నేర్పమని కాదు. కొలవడం, లెక్కించడం, చూసినది సొంత మాటల్లో రాయడం, విన్నది సరిచూసుకోవడం నేర్పమని. ఏ పోటీ పరీక్షకైనా పునాది ఇదే. బట్టీ పట్టిన భిన్నాలు ఆరో తరగతికి ఆవిరి అవుతాయి. మానికలో ఇసుక పోసి నేర్చిన భిన్నాలు నిలుస్తాయి. ఇంగ్లీషు కావాలంటే అదీ ఇక్కడే వస్తుంది. చేతిలో కంకి వున్నప్పుడు 'గ్రెయిన్', నేల మీద నీడ వున్నప్పుడు 'షాడో' అంటే ఆ మాట పిల్లకు అంటుకుంటుంది. ఇప్పటి పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు వుంటున్నాయి. రెండు పేజీల మధ్య వస్తువు లేకపోతే రెండూ అక్షరాలుగానే మిగులుతాయి. డబ్బున్న బడులు ఇదే పనిని 'ప్రాజెక్టు' అని పేరు పెట్టి, థర్మాకోలు కొనిపించి, తల్లిదండ్రుల చేత చేయించి మార్కులు వేస్తున్నాయి. పల్లె బడికి అసలు సరుకే ఉచితంగా వున్నది.

ఉపాధ్యాయుల అభ్యంతరం వేరు. ఒక్కరే అయిదు తరగతులు నడిపే బడులున్నాయి. వారికి రిజిస్టర్లు, ఫోనులో ఫోటోలు, భోజనాల లెక్కలు, ఎన్నికల పనులు. ఇంకొక భారం మోయమనడం అన్యాయం. అందుకే ఈ నెల పని అదనపు పనిగా రాకూడదు. ఒకే కర్ర దగ్గర అయిదో తరగతి కొలుస్తుంది, మూడో తరగతి రాస్తుంది, ఒకటో తరగతి గులకరాళ్ళు లెక్కపెడుతుంది. అయిదు తరగతులు ఒక్కచోట కూర్చునే బడికి ఇది భారం తగ్గించే ఉపాయమే. కాని తనిఖీకి వచ్చే అధికారి 'సిలబస్ ఎంతవరకు వచ్చింది?' అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటే ఏ ఉపాధ్యాయుడూ ఆవరణలోకి అడుగు పెట్టడు. గోడ మీద నీడ పట్టిక వుందా అని కూడా ఆయన అడగాలి.

ఒక విషయంలో మాత్రం ఎవరితోనూ రాజీ వుండరాదు. ఈ నెలలో పిల్లలను ఏటి వొడ్డుకు తీసుకుపోకూడదు. ఎగువన మహేంద్రగిరి వైపు కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. గోగు ఊరవేసిన చెరువుల గట్లు జారుతాయి. రెల్లుపువ్వును పెద్దవారు కోసుకువచ్చి బడిలో చూపిస్తే సరిపోతుంది.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ వుండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. ఈ కమిటీ సమావేశమంటే సంతకాల పుస్తకం ఇళ్ళ చుట్టూ తిరగడమేనన్న పేరు చాలా చోట్ల వున్నది. సెప్టెంబరులో ఒక్క సమావేశం నిజంగా కూర్చుంటే తేలవలసినవి కొద్దిగానే వున్నాయి. ఏ రైతు మడి దగ్గరికి పిల్లలు వెళ్ళవచ్చు? తుఫాను పాఠం ఏ రోజున, ఆ రోజు తల్లులూ వస్తారా? దీపావళి కాడలు వెలిగించేటప్పుడు నూలు బట్టలే వేయాలని, పక్కన నీళ్ళ బకెట్టు వుండాలని ఇంటింటికీ ఎవరు చెబుతారు? సెలవుల్లో కర్ర నీడ కొలిచే పిల్లలెవరు?

బడి వెనుక రెండు మడుల జాగా వుంటే ఇంకొకటి కూడా తేల్చుకోవచ్చు. తోటకూర విత్తు చల్లితే ఇరవై అయిదు, ముప్పై రోజులకు కోతకు వస్తుంది. దసరా సెలవులు అయి బడి తెరిచిన నాడు చల్లితే కార్తీకంలో కోయవచ్చు. ఎన్ని రోజులకు మొలక వచ్చింది, వారానికి ఎన్ని అంగుళాలు పెరిగింది, నీళ్ళు ఎవరి వంతు అన్నది పిల్లలే రాసుకుంటారు. కట్టకు ఎన్ని కాడలో, బజారులో కట్ట ఎంతో అడిగి తెలుసుకుంటారు. కోసిన కూర మధ్యాహ్న భోజనం వండే అమ్మకు ఇస్తే ఆ రోజు పప్పులోకి సరిపోతుంది. విత్తనాల పొట్లం పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది. దాన్ని సెలవులు ఇచ్చేలోగా కొని పెట్టుకోవాలి, ఎందుకంటే తెరిచాక కొందామనుకుంటే కార్తీకం గడిచిపోతుంది.